అక్షింతల పురుగును చంపిందెవరు?

గూడూరు చుట్టుపక్కల మాగాణుల్లో వరి కోతకు రెండు మూడు రోజుల ముందు, నిలబడి ఉన్న పైరులోనే మినుము చల్లుతారు. కోత తర్వాత నేలలో మిగిలిన పదునుతోనే ఆ మొక్క ఎదుగుతుంది. దాని లేత కొమ్మలకు పేనుబంక పట్టిందంటే వెనకే అక్షింతల పురుగులు దిగుతాయి. పెంకు మీద నల్లని వంకర గీతలుండే ఆరు మచ్చల రకం వాటిలో ముఖ్యమైనది. వరిలోనైతే మచ్చలు దాదాపు లేని నారింజ రంగు రకం కనిపిస్తుంది. పొలంబడుల పుణ్యమా అని ఇవి మిత్రపురుగులని చాలామంది రైతులకు తెలుసు. ఈ మిత్రుల ఒంట్లోనే పెరిగి వాటినీ తినేసే బదనికలున్నాయన్న సంగతి మాత్రం అంతగా ప్రచారంలోకి రాలేదు. గుండుసూది తలంత ఉండే ఆ బదనికలను పొలంలో ఎగురుతుండగా పట్టి పేరు చెప్పడం అయ్యే పని కాదు. చచ్చిన అక్షింతల పురుగు మీది ఆనవాళ్లు చూడాలి, బతికున్నదాన్ని సీసాలో పెంచి లోపలి నుంచి ఏమొస్తుందో కనిపెట్టాలి. కీటక శాస్త్రంలో ఇది పాత పద్ధతి. జన్యు పరీక్షలు వచ్చిన ఈ రోజుల్లో కూడా దీని అవసరం తీరలేదన్నదే నా వాదన.

ఏ దశలో చచ్చిందన్నది మొదట చూడాలి. రెక్కలొచ్చిన పెద్ద పురుగు కదలకుండా ఆకును పట్టుకుని, కాళ్ల మధ్య గోధుమ రంగు పట్టుగూడును పొదివి పట్టుకుని ఉంటే అది డైనోకాంపస్ కాక్సినెల్లే పని. ఈ చిన్న కందిరీగ ప్రపంచమంతటా ఉంది, మన దేశంలోనూ ఉంది. ఆడది మగతో పని లేకుండానే గుడ్లు పెడుతుంది. మగవి కనిపించడమే అరుదు. రెండు మూడు వారాలు లోపల పెరిగిన పిల్లపురుగు పొట్ట చీల్చుకుని బయటికొచ్చి, ఆ పురుగు కిందే గూడు అల్లుకుంటుంది. విచిత్రమేమిటంటే అప్పటికి అక్షింతల పురుగు చావదు. వణుకుతూ గూటికి కాపలా కాస్తుంది. కందిరీగ నుంచి దానికి సోకే ఒక వైరస్ నరాల మీద పనిచేయడమే ఇందుకు కారణం కావచ్చని 2015లో వెలువడిన పరిశోధన సూచించింది. కెనడాలో చేసిన మరో పరిశీలనలోనైతే నాలుగో వంతు పురుగులు తిరిగి తేరుకున్నాయి కూడా. అక్షింతల పురుగు పిల్లపురుగు దశలోనే ఒళ్లు గట్టిపడి, ఉబ్బి, ఆకుకు అతుక్కుపోతే హోమలోటైలస్ అనే బదనికను అనుమానించాలి; ఆ చచ్చిన పిల్లపురుగు మీద వేర్వేరు గుండ్రని రంధ్రాలుంటాయి. ప్యూపాలో ఒకటో రెండో రంధ్రాల గుండా చిన్న బదనికల గుంపు వెళ్లిపోయి ఉంటే అవి ఊమైజస్ అనే రకం కావచ్చు. ఆరోగ్యంగా బయటపడిన అక్షింతల పురుగు ప్యూపా తొడుగు ముందు భాగంలో చీలుతుందే గాని గుండ్రని రంధ్రం చేయదు. ఈ ఒక్క తేడా తెలిసినా సగం పని అయినట్టే.

కందిరీగలే కాక ఈగల్లోనూ బదనికలున్నాయి, అసలు చిక్కు వాటి దగ్గరే. బయటికొచ్చినదానికి నాలుగు రెక్కలుంటే కందిరీగ జాతి, రెండే ఉంటే ఈగ అని భూతద్దంతో తేల్చుకోవచ్చు. యూరప్‌లో అక్షింతల పురుగు ప్యూపాలను తినే ఫాలక్రోటోఫోరా అనే గూని ఈగలను బాగా అధ్యయనం చేశారు. వాటి పిల్లపురుగులు తిండి ముగించి, ప్యూపాను వదిలి మట్టిలోకి జారిపోతాయి. కానీ అదే గూని ఈగల కుటుంబంలో కుళ్లిన కళేబరాలను తినేవీ బోలెడన్ని ఉన్నాయి. చచ్చిన పురుగును తెచ్చి సీసాలో పెడితే, దాని మీద ఈగ పుట్టినంత మాత్రాన అదే హంతకి అనలేం. అందుకే బతికున్న పురుగునే తేవాలి. ఒక్కో సీసాలో ఒక్కటే వేయాలి. పేనుబంక ఉన్న మినుము రెమ్మ మేతగా పెట్టి, మూతికి పలచని గుడ్డ కట్టి, నీటి చెమ్మ చేరకుండా నీడన ఉంచాలి.

జన్యు పరీక్ష చేస్తే పేరు క్షణంలో వస్తుంది కదా, ఈ సీసాల తంటా ఎందుకని అడగవచ్చు. వలలో పడ్డ బదనికకు జన్యు పరీక్ష పేరు చెబుతుంది. అది ఏ పురుగులోంచి, ఏ దశలోంచి వచ్చిందో చెప్పదు. బదనికలో బతికే బదనికలూ ఉన్నాయి కాబట్టి ఆ చరిత్ర లేకపోతే పేరు అక్కరకు రాదు. ఉదాహరణకు, వంగ, కాకర ఆకులను గీకి తినే ఇరవై ఎనిమిది మచ్చల పెంకు పురుగుదీ అక్షింతల పురుగు కుటుంబమే. దాని పిల్లపురుగులను పీడియోబియస్ ఫోవియోలేటస్ అనే బదనిక చంపుతుంది, పేనుబంకను తినేవాటి జోలికి పోదు. ఎవరిని చంపుతుంది, ఎవరిని వదిలేస్తుంది అన్నది పెంచి చూస్తేనే తేలింది. అమెరికా 1966లో భారతదేశం నుంచి ఈ బదనికను తీసుకెళ్లి, చిక్కుడు జాతి పైర్లను పాడుచేసే మెక్సికన్ పెంకు పురుగు మీద ప్రయోగించింది. అక్కడి చలికి తట్టుకోలేదు గనుక ఏటా కొత్తగా పెంచి వదలాల్సి వచ్చింది.

మరి మిత్రపురుగును తినే బదనిక కనబడితే మందు కొట్టాలా? అక్కర్లేదు. మందు ముందు అక్షింతల పురుగునే చంపుతుంది, పేనుబంక మళ్లీ పుంజుకుంటుంది. పైగా ఈ బదనికలు మిత్రపురుగు గుంపును పూర్తిగా తుడిచిపెట్టవు. తిండి తగ్గితే అవీ తగ్గుతాయి. తెలుసుకోవాల్సింది ఒక పైరులో ఎన్ని పిల్లపురుగులు పెద్దవి కాకుండా పోతున్నాయన్నదే. పేనుబంక ఉన్నా అక్షింతల పురుగులు పెరగని చోట కారణం మందా, మేత కొరతా, బదనికా అన్నది ఆ లెక్కే చెబుతుంది.

పొలంబడి నడిపేవారూ, గూడూరు, పెడన వైపు బడుల్లోని సైన్సు మాస్టార్లూ వచ్చే మినుము కాలంలో ఈ పని మొదలుపెట్టాలి. బదనిక బయటికొచ్చాక దాన్ని, ఖాళీ తొడుగును ఒకే సీసాలో స్పిరిట్ పోసి ఉంచి, ఊరు, పైరు, తేదీ, దశ పెన్సిలుతో రాసిన చీటీ వేయండి. స్పిరిట్‌లో పెన్ను సిరా కరిగిపోతుంది, పెన్సిలు రాత నిలుస్తుంది.