దొరసాని మోకాళ్లు

ఈ వారం మా దొరసానిని పరీక్షకు తీసుకెళ్లాను. కొత్తగా ఈ కాలమ్ చదివేవాళ్ల కోసం ఒక్క ముక్క: దొరసాని అంటే నా 1972 ఎంజీబీ కారు. రెండు సీట్లు, గుడ్డ టాపు, వానొస్తే నా కుడి మోకాలు తడిపే అలవాటు. పెద్ద మార్పులేవీ చేయకుండా నలభై ఏళ్లు దాటిన కారుకు ఇంగ్లండులో ఏటా జరిగే ఎంఓటీ పరీక్ష తప్పనిసరి కాదు. అయినా తీసుకెళ్తాను. నాకు కనబడనిది పరాయివాడి కళ్లకు కనబడుతుందని నా ఆశ. ఈసారి కనబడింది.

పరీక్ష చేసే కుర్రాడు కారును లిఫ్టెక్కించి, ముందు ఎడమ చక్రాన్ని పైనొక చెయ్యి, కిందొక చెయ్యి వేసి ఊపాడు. టక్కుమంది. నా మొహం చూసి మళ్లీ ఊపాడు. మళ్లీ టక్కు. కింగ్ పిన్ అడుగున ప్లే ఉందన్నాడు. అంతటితో ఊరుకుంటే నాకు ఈ వారం రాయడానికి ఏమీ ఉండేది కాదు. "ఇదంతా తీసిపారేసి కిట్ వేయించుకోండి సార్. టెలిస్కోపిక్ షాక్‌లు, కింగ్ పిన్‌లకు బదులు బాల్ జాయింట్లు. ఇప్పటి కారులా నడుస్తుంది" అన్నాడు.

ఇప్పటి కారులా నడవాలనుకుంటే ఇప్పటి కారే కొనుక్కునేవాణ్ణి కదా! పాతదాన్ని పాతదిగా ఉంచు, గ్రీజు కొట్టు, నోరు మూసుకో. ఈ త్రిసూత్రాన్ని పదకొండేళ్లుగా మీకు విసుగు లేకుండా వినిపిస్తున్నాను. ఉగాది పచ్చడి గురించి మొదలుపెట్టి గ్రీజు గన్ దగ్గర తేలానని ఒక పాఠకుడు దెప్పింది కూడా మీకు గుర్తుండే ఉంటుంది.

కోపం వస్తే నాకు చరిత్ర పూనుతుంది. దారి పొడుగునా ఆ కుర్రాడికి మనసులో పాఠం చెబుతూ ఇంటికొచ్చాను. అబ్బాయ్, నువ్వు తీసిపారేయమన్నది రెండో ప్రపంచ యుద్ధానికి ముందు అలెక్ ఇసిగోనిస్, జాక్ డేనియల్స్ కలిసి చిన్న ఎంజీ సెలూన్ కోసం గీసినది. యుద్ధం అడ్డొచ్చి ఆ కారు వై టైప్ అనే పేరుతో 1947లో గాని బజారు మొహం చూడలేదు. ఆ అమరికే కొద్దికొద్దిగా మారుతూ 1955లో ఎంజీఏకి, 1962లో ఎంజీబీకి దక్కింది. 1980 దాకా ఆబింగ్డన్ ఫ్యాక్టరీ నుంచి ఎంజీబీలు 5 లక్షలకు పైగా బయటికొచ్చాయి. ఇసిగోనిస్ ఎవరనుకున్నావు, 1959లో మినీ కారును లోకం మీదికి వదిలిన మనిషి!

అందులో పొదుపు ఎంత ముచ్చటైనదో చూడండి. చక్రాన్ని పైనుంచి పట్టుకోవడానికి వేరే ఆర్మే లేదు. లోపల నూనెతో ఉండే లీవర్ షాక్ అబ్జార్బర్ తన చేతులతోనే పట్టుకుంటుంది. కుదుపు తగ్గించడం, చక్రాన్ని నిలబెట్టడం, రెండు పనులూ దానివే. కింద రెండు రేకు ఆర్ములు, వాటి మధ్య పళ్లెం, పళ్లెంలో కాయిల్ స్ప్రింగు. పైకీ కిందకీ మధ్య నిలువుగా కింగ్ పిన్. ఒక్కో వైపు మూడేసి గ్రీజు నిపుల్స్. 3,000 మైళ్లకోసారి వాటికి నైవేద్యం పెట్టమని హ్యాండ్‌బుక్ ఆజ్ఞ. పెడుతూనే ఉన్నాను. మరి ఆ టక్కు ఎక్కణ్ణుంచి వచ్చింది?

శనివారం పొద్దున విప్పాను. పళ్లెం కింద జాకీ పెట్టి అంగుళం అంగుళం దించాలి. స్ప్రింగు ఒక్కసారిగా జారిందంటే మనిషికి ఆసుపత్రే. స్ప్రింగు మర్యాదగానే వచ్చింది. అడుగు బోల్టు రాలేదు. సుత్తికి లొంగలేదు, మంటకు లొంగలేదు, చివరికి హ్యాక్సా బ్లేడుకు లొంగింది. ఆ బోల్టు మీద బొటనవేలంత లావు ఉక్కు గొట్టం ఒకటి ఉంటుంది. కింగ్ పిన్ అడుగు భాగం దాన్ని పట్టుకునే పైకీ కిందకీ ఊగుతుంది. గొట్టాన్ని కిటికీ వెలుగులో పెట్టి చూశాను. పైసగం కొత్త పెళ్లికొడుకులా నిగనిగలాడుతూ గ్రీజులో మునిగి ఉంది. కిందిసగం ఎండిపోయి, ఎర్రటి పొడి అంటుకుని, గోరు పెట్టి లాగితే ఆగేంత మెట్టు పడి ఉంది.

ఆ మెట్టు మీద గోరు ఆగగానే నాకు విజయవాడ ఆటోనగర్ గుర్తొచ్చింది.

నాన్నగారు గుడివాడ దగ్గర పల్లెటూరి డాక్టరు. కాలవ గట్ల మీద అంబాసిడర్‌లో తిరిగేవారు. అంబాసిడర్ కూడా దొరసానికి చుట్టమే. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3ను మన ఉత్తరపారాలో పోతపోస్తే వచ్చిన కారు అది. మోరిస్ వారి కౌలీకి, దొరసాని పుట్టిన ఆబింగ్డన్‌కు మధ్య దూరం ఆరేడు మైళ్లు. దీనికి కాయిల్ స్ప్రింగులైతే దానికి టార్షన్ బార్లు. గ్రీజు ఆకలి మాత్రం ఇద్దరికీ ఒకటే. నెలకోసారి దాన్ని ఆటోనగర్‌లో మా మేస్త్రి దగ్గరికి తీసుకెళ్లేవాళ్లం. సెలవుల్లో నేనూ వెళ్లేవాణ్ణి. గ్రీజు గన్ పట్టుకునే హక్కు నాది.

ఈ మేస్త్రి మీకు కొత్త కాదు. నా పార్టీ మనిషిగా, గ్రీజు మతానికి మూలపురుషుడిగా ఈ కాలమ్‌లో ఆయన్ని ఎన్నిసార్లు ఊరేగించానో లెక్కలేదు. ఆయన గురించి మీకు చెప్పని సంగతులు రెండున్నాయి. దాచలేదు, ఆ గోరు ఆగేదాకా నాకే గుర్తు లేవు.

ఒకటి. కారు నేల మీద ఉండగా నన్ను గన్ ముట్టుకోనిచ్చేవాడు కాదు. జాకీ ఎత్తి, దిమ్మ పెట్టి, చక్రం గాల్లో తేలాకే కొట్టమనేవాడు. "బరువు మీదున్న కీలుకి గ్రీజు ఎక్కదు బాబూ. బస్తా మోస్తున్నోడి నోట్లో ముద్ద పెడితే ఏం మింగుతాడు?" అనేవాడు. నల్ల గ్రీజు పోయి కొత్తది కనబడేదాకా కొట్టించేవాడు. మరి నేను? పదకొండేళ్లుగా దొరసాని కింద పాక్కుంటూ దూరి, నేల మీద ఉండగానే మూడు నొక్కులు నొక్కి, మీకు నీతులు రాశాను. బరువంతా కింది నుంచి గొట్టాన్ని ఒత్తుతుంటే గ్రీజు ఖాళీ ఉన్న పైవైపే తిరిగి వచ్చింది.

రెండోది ఇంకా ఇబ్బందికరం. నాన్నగారు జెన్యూన్ సామాను తప్ప ముట్టుకోని మనిషి. ముందు బుష్‌లు అరిగినప్పుడు మద్రాసు నుంచి కంపెనీ డబ్బా తెప్పించి, సీలుతో సహా మేస్త్రి చేతిలో పెట్టారు. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "కంపెనీ సామాను వెయ్యమంటే వేస్తానండి డాక్టరుగారూ. కంపెనీ వాడు అనుకున్న రోడ్డేదో అది కూడా తెప్పించండి" అన్నాడు. తరువాత, "దీన్ని ఎవరు చూసుకుంటారు?" అని అడిగాడు. నేను చూసుకుంటానన్నారు నాన్నగారు. నవ్వి, పక్క లేత్ షాపులో గన్‌మెటల్ ముక్క తిప్పించి బుష్ చేసి వేశాడు. కంపెనీ డబ్బా సీలు విప్పకుండా మా అటక మీదే ఉండిపోయింది.

అంటే నా మూలపురుషుడు అసలు నా మతం వాడే కాడు. ఒరిజినల్ పిచ్చి నాన్నగారిది. దాన్ని తెచ్చి మేస్త్రి నోట్లో పెట్టి ఇన్నేళ్లూ మాట్లాడించింది నేను. ఆ మాటకొస్తే ఆబింగ్డన్ వాళ్లూ నాకు సాక్ష్యానికి రారు. అమెరికాలో బంపరు ఇంత ఎత్తుండాలని రూలు పెడితే 1974లో కారునే పైకెత్తేశారు. అంతకు ముందే, 1973లో వచ్చిన జీటీ వీ8 కోసం లోపలి రబ్బరు బుష్‌లను ఉక్కు గొట్టాల్లో అతికించి గట్టి చేశారు. అవి మామూలు ఎంజీబీకీ పడతాయి. నేనూ చాలాకాలం కిందే వేసుకున్నాను, మీతో చెప్పలేదంతే.

ఇసిగోనిస్ గీసిన బొమ్మలో కనబడని భాగం ఒకటుంది: 3,000 మైళ్లకోసారి జాకీ ఎత్తే మనిషి. ఆ మనిషి ఉన్నంతకాలం ఆ కింగ్ పిన్‌లకు వంక లేదు. ఆ మనిషి నేను కానని గొట్టమే చెబుతోంది. కనక ఇంతకాలం నేను కాపాడుతున్నాననుకున్న ఒరిజినల్‌లో ముఖ్యమైన సామాను మొదటి నుంచీ తక్కువే. మిగిలింది చూపుకి మాత్రమే ఒరిజినల్.

సోమవారం ఆ కుర్రాడికి ఫోన్ చేశాను. రబ్బరుకు బదులు వేసే పాలీ బుష్‌లు నాకొద్దు, అవి కీచుమంటాయి. లీవర్ షాక్‌లు కారడం లేదు గాని, ఆయన చెప్పిన కిట్ వేస్తే అవీ దిగిపోవాల్సిందే. సరేనన్నాను. గ్రీజు అడగని బాల్ జాయింట్లు వచ్చే నెల వస్తాయి. సస్పెన్షన్ పద్ధతి మారిస్తే పరీక్ష మినహాయింపు పోయే ప్రమాదముందని ఆయన హెచ్చరించాడు. పోతే పోనీ, ఏటా వస్తూనే ఉన్నాను కదా అన్నాను.

పాత గొట్టాన్ని కడిగి రాసుకునే బల్ల మీద పెట్టుకున్నాను, అరిగిన వైపు పైకి కనబడేలా.