గాడి లోతు చెప్పని సంగతి

మోటారు టైరు పనికివస్తుందా లేదా అని తేల్చడానికి మనవారు ముఖ్యముగా చూచేది గాడి లోతు. కారు టైరుకు అది 1.6 మిల్లీమీటర్లకు తగ్గరాదని నియమము. తడి రోడ్డుపై పట్టు ఎంత ఉంటుందో ఈ కొలత చక్కగానే తెలుపుతుంది. కాని దానినే సర్వస్వముగా భావించడము పొరపాటు. టైరు అరిగి మాత్రమే చెడదు. కదలకుండా ఉండి కూడా చెడుతుంది.

రబ్బరు అణువులు పొడవైన గొలుసులవంటివి. 1839లో చార్లెస్ గుడ్‌ఇయర్ కనిపెట్టిన పద్ధతిలో గంధకము ఈ గొలుసులను వంతెనలవలె కలుపుతుంది. గాలిలోని ఆమ్లజని, అనగా ప్రాణవాయువు, కాలక్రమమున కొన్ని గొలుసులను తెంచి, అనవసరమైన కొత్త వంతెనలు కట్టుతుంది. అప్పుడు రబ్బరు సాగే గుణము కోల్పోయి పెళుసెక్కుతుంది. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే ఇట్టి చర్యల వేగము ఇంచుమించు రెట్టింపు అవుతుంది. ఓజోను వాయువు సాగి ఉన్న రబ్బరును పగుల్చుతుంది. దీనికి విరుగుడుగా తయారీలో మైనము కలుపుతారు. చక్రము తిరుగుతున్నప్పుడు ఆ మైనము పైకి వచ్చి పూతగా ఏర్పడుతుంది. కదలని టైరుకు ఈ రక్షణ తక్కువ.

అత్వెల్లి మీదుగా సాగే నాగపూరు రోడ్డునే తీసుకొందాము. అక్కడి వేసవి ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. ఒకే రోజున తయారైన రెండు టైర్లలో ఒకటి చల్లని చీకటి గదిలోను, రెండవది రేకుల షెడ్డు కింద వెల్డింగు పని జరిగే చోటను ఉన్నవనుకొందాము. వెల్డింగు మంట చుట్టూ ఓజోను పుడుతుంది. రెండింటి గాడి లోతు ఒక్కటే; బలము మాత్రము ఒక్కటి కాదు.

టైరు ప్రక్కన ముద్రించిన నాలుగంకెలు కొంత మేలు. 2319 అంటే 2019వ సంవత్సరము 23వ వారము. కొన్ని కార్ల కంపెనీలు 6 ఏళ్ళకు టైరు మార్చమంటాయి. అయితే తేదీ పుట్టుకను చెబుతుందే గాని, పెరిగిన తీరును చెప్పదు. అమెరికాలో ఒక బీమా సంస్థ ఖాతాదారులలో 27 శాతము ఐదు ఉష్ణ రాష్ట్రాలవారు కాగా, టైర్లకు సంబంధించిన క్లెయిములలో 77 శాతము అక్కడివే. అక్కడ ప్రయాణాలు కూడ హెచ్చు కావచ్చును; అయినా వేడి పాత్రను త్రోసివేయలేము. డిక్కీలో పడి ఉండే స్టెప్నీ కూడ, రోడ్డు తాకకపోయినా, ముసలిదవుతూనే ఉంటుంది.

కాబట్టి తనిఖీలో అడగవలసిన ప్రశ్నలు మూడు: గాడి ఎంత లోతు? టైరు పుట్టినది ఎప్పుడు? ఇంతకాలము ఎక్కడ ఉన్నది? మూడవ ప్రశ్నకు జవాబు దొరకని పాత టైరును, చూడటానికి కొత్తగా ఉన్నా, నమ్మరాదు. ఉపాధ్యాయులు రెండు రబ్బరు బాండ్లను సాగదీసి, ఒకటి ఎండలోను ఒకటి బీరువాలోను కొన్ని వారాలు ఉంచి చూపితే, విద్యార్థులకు ఈ విషయము ఇట్టే బోధపడుతుంది.