గరిక పుప్పొడికి టిమోతీ కొలమానం: ఒక విమర్శ

గడ్డి పుప్పొడే హే ఫీవర్‌కు కారణమని చార్లెస్ బ్లాక్లీ తనపైనే ప్రయోగాలు చేసుకొని 1873లో నిరూపించాడు. 1911లో లెనార్డ్ నూన్ టిమోతీ గడ్డి పుప్పొడి సారంతో సూదిమందు చికిత్సను ప్రకటించాడు. ఇద్దరిదీ ఇంగ్లండే. నాటినుంచి శీతల దేశాల గడ్డే ఈ శాస్త్రానికి ప్రమాణంగా నిలిచిపోయింది. వినాయక చవితి పత్రిలో చేరే మన గరికను ఆ ప్రమాణంతోనే కొలవడం ఎంతవరకు సమంజసం?

టిమోతీ పుప్పొడిలో ఒకటవ, ఐదవ వర్గాల ప్రోటీన్లు ప్రధాన అలర్జీకారకాలు. ఒకటవ వర్గానికి చెందిన బీటా ఎక్స్‌పాన్సిన్ గరికలోనూ ఉంది. దాని పేరు సిన్ డి 1. ఐదవ వర్గం మాత్రం టిమోతీ, రై గడ్డి చేరిన పూయిడే ఉపకుటుంబానికే పరిమితం. క్లోరిడాయిడే ఉపకుటుంబానికి చెందిన గరికలో అది లేదు. చిక్కేమిటంటే, ఈ రెండు వర్గాల అణుభారమూ ఇంచుమించు 30 కిలోడాల్టన్లే. జెల్‌పై ఆ స్థానంలో రోగి సీరంలోని ఐజీఈ అంటుకొన్న పట్టీ కనబడగానే వర్గనిర్ణయం చేయడం తొందరపాటు. ఎత్తు ఒకటైనంత మాత్రాన ఇద్దరు మనుషులు ఒక్కరు కారు గదా! పైగా ప్రోటీన్‌కు అతికి ఉన్న చక్కెర గొలుసులకు కూడా ఐజీఈ అంటుకొంటుంది. వైద్యపరంగా అంతగా ప్రాధాన్యం లేని ఆ బంధం, గడ్డిజాతుల మధ్య లేని సామ్యాన్ని ఉన్నట్టు చూపుతుంది.

నిరోధ పరీక్షను ఒకే దిశలో జరిపి, రెండు జాతులూ సమానమే అనడం మరో లోపం. గరిక సారం టిమోతీ బంధాన్ని ఎంత అడ్డుకొంటుందో, టిమోతీ సారం గరిక బంధాన్ని ఎంత అడ్డుకొంటుందో రెండూ చూడాలి. ఆస్ట్రేలియాలోని ఉపోష్ణ ప్రాంత రోగుల సీరంలో, బహియా గడ్డి పుప్పొడికి ఐజీఈ అంటుకోవడాన్ని రై గడ్డి సారం పూర్తిగా ఆపలేకపోయింది.

ఇది కేవలం ప్రయోగశాల చర్చ కాదు. గరిక వల్ల అలర్జీ సోకిన రోగి, సామ్యం కారణంగా టిమోతీ ఒకటవ వర్గానికి కూడా స్పందించవచ్చు. ఐదవ వర్గానికి స్పందించడు. ఈ తేడాను గమనించని వైద్యుడు టిమోతీ సారంతో మూడేళ్ల చికిత్స మొదలుపెట్టే ప్రమాదముంది. గరిక జెల్‌పై 30 కిలోడాల్టన్ల పట్టీకి వర్గం పేరు పెట్టేముందు, ఆ పట్టీని కోసి, మాస్ స్పెక్ట్రోమెట్రీతో పెప్టైడుల అమైనో ఆమ్ల క్రమాన్ని చూడడం కనీస నియమం కావాలి.