261 ఎక్కడి నుంచి వచ్చింది?

307లోంచి 168 తీసేస్తే 139. కొట్టు గుమస్తా నోటితోనే చెప్పేస్తాడు. ఇప్పుడు మూడో తరగతి పిల్ల ఒకతె 261 అని రాసింది, పక్కనున్నవాడు 169 అని రాశాడు అనుకోండి. రెండూ తప్పే. ఎర్ర సిరాతో రెండింటికీ ఇంటూ మార్కు కొట్టి పుస్తకాలు మూసేయొచ్చు. కానీ ఆ పిల్ల ప్రతి స్థానంలోనూ పెద్ద అంకెలోంచి చిన్న అంకె తీసుకుంటూ పోయింది: 8లో 7 పోతే 1, 6లో సున్నా పోతే 6, 3లో 1 పోతే 2. అప్పు తెచ్చుకోవడం అనేదొకటి ఉందని ఆమెకింకా తట్టలేదు. పిల్లవాడికి అప్పు సంగతి తెలుసు. పదుల స్థానంలో సున్నా కనబడేసరికి దాన్ని దాటేసి నేరుగా వందల దగ్గర అప్పు తెచ్చి ఒకట్లకిచ్చాడు. 17లో 8 పోతే 9 వచ్చింది. పదుల దగ్గర సున్నాలోంచి 6 పోదు గనక 6 అలాగే వేశాడు. ఈ ఇద్దరికీ టీచరు తర్వాత చెప్పాల్సిన మాటలు వేరు వేరు.

ఈ తీసివేత డెబోరా లోవెన్‌బర్గ్ బాల్ అనే అమెరికన్ పరిశోధకురాలు, ఆమె సహచరులు మార్క్ థేమ్స్, జెఫ్రీ ఫెల్ప్స్ కలిసి 2008లో రాసిన వ్యాసంలోది. 261 ఎలా పుట్టిందో కనిపెట్టడం కూడా గణితమే అంటారు వాళ్లు. ఇంజనీరుకూ అకౌంటెంటుకూ ఆ గణితంతో పని పడదు. టీచరుకు మాత్రం అది రోజూ కావాలి, అదీ ముప్పై మంది పిల్లల గోల మధ్య నిలబడి, క్షణాల మీద కావాలి.

సబ్జెక్టు తెలియడం వేరు, దాన్ని పిల్లలకు అందించే తెలివిడి వేరు, ఆ రెండోదీ ఒక జ్ఞానమే అని విద్యా పరిశోధకుడు లీ షుల్మన్ 1986లోనే రాశారు. ఆయన దానికి పేరు పెట్టారు. అది తరగతి గదిలో ఎక్కడెక్కడ పనిచేస్తోందో వెతికి, ఒక్కొక్కటిగా బయటికి తీసి చూపించిన ఘనత బాల్‌ది. పైగా ఆమె ప్రాథమిక తరగతులకు పాఠాలు చెబుతూ చెబుతూనే పరిశోధనలోకి వచ్చిన మనిషి. ఆ అనుభవం ఆమె అడిగే ప్రశ్నల్లో కనిపిస్తుంది.

ఒక ప్రశ్న చూడండి. 1980ల చివర టీచరు శిక్షణలో ఉన్నవాళ్లను ఆమె అడిగింది ఇది: ఒకటి ముప్పావును అరతో భాగించండి, ఆ లెక్కకు అతికే కథ ఒకటి చెప్పండి. తిరగేసి గుణిస్తే మూడున్నర వస్తుంది, అది చాలామందికి వచ్చింది. కథ దగ్గరే చిక్కుపడ్డారు. ఒకటి ముప్పావు రొట్టెను ఇద్దరికి చెరిసగం పంచితే, అంటూ మొదలుపెట్టారు. అది రెండుతో భాగించడం. అరతో భాగించడమంటే, మన భాషలో, కిలో ముప్పావు పంచదారను అరకిలో పొట్లాలు కడితే ఎన్ని అవుతాయి అని అడగడం. మూడు పొట్లాలు, మరో సగం. లిపింగ్ మా అనే పరిశోధకురాలు ఇదే ప్రశ్నను చైనాకు తీసుకెళ్లారు. ఆమె 1999లో ప్రచురించిన పుస్తకం ప్రకారం 23 మంది అమెరికన్ టీచర్లలో సరైన కథ చెప్పింది ఒక్కరే. 72 మంది చైనా టీచర్లలో 90 శాతం మంది చెప్పగలిగారు. ప్రశ్న ఒక్క వాక్యం. దానితో రెండు దేశాల టీచరు చదువుల లోతు కొలవగలిగారు.

ఇక నన్ను బాగా ఆకట్టుకున్న ఘట్టం. మిషిగన్ రాష్ట్రంలోని ఈస్ట్ లాన్సింగ్‌లో స్పార్టన్ విలేజ్ అనే కాలనీ ఉండేది. కుటుంబాలతో వచ్చి అక్కడి విశ్వవిద్యాలయంలో చదువుకునే విద్యార్థుల ఇళ్లు అవి, కాబట్టి అక్కడి బడిలో నానా దేశాల పిల్లలూ ఉండేవాళ్లు. 1989-90 విద్యా సంవత్సరంలో బాల్ ఆ బడిలో మూడో తరగతికి రోజూ లెక్కలు చెప్పారు. అదే బడిలో ఐదో తరగతికి ఆమె తోటి పరిశోధకురాలు మాగ్డలీన్ లాంపర్ట్ చెప్పారు. పాఠాలను వీడియో తీయించారు, పిల్లల నోటుపుస్తకాలు దాచారు, బాల్ తానేమనుకుని ఏం చేశారో రోజూ డైరీ రాసుకున్నారు. సాధారణంగా పరిశోధకులు తరగతికి వెళ్లి వెనక బెంచీలో కూర్చుంటారు. ఈమె తన పాఠాన్నే బల్ల మీద పెట్టి ఎవరైనా కోసి చూడండి అన్నారు. దానికి ఎంత గుండె కావాలో ఇన్‌స్పెక్షన్ రోజు మన టీచర్ల ముఖాలు చూసినవాళ్లకు తెలుస్తుంది.

1990 జనవరి 19న సరి, బేసి సంఖ్యల మీద మాట నడుస్తోంది. పరిశోధన పత్రాల్లో షాన్ అని మారుపేరు పెట్టిన పిల్లవాడొకడు లేచి, ఆరు సరి సంఖ్యే గానీ బేసి కూడా కావొచ్చు అన్నాడు. ఎలా? ఆరులో రెండేసి జతలు మూడున్నాయి, మూడు బేసి కదా అని వాడి వాదం. తరగతి ఊరుకోలేదు. ఒకమ్మాయి, అలాగైతే పదిని కూడా రెండూ అనాలి కదా, అందులో ఐదు జతలున్నాయి అని నిలదీసింది. షాన్ తడుముకోకుండా, అవును, పది కూడా అంతే, నువ్వు చెప్పినందుకు మంచిదైంది అన్నట్టు ఒప్పేసుకున్నాడు. నైజీరియా నుంచి వచ్చిన ఇంకో అమ్మాయి, జతలు కట్టాక ఒకటి మిగిలితేనే బేసి అని నిర్వచనం పట్టుకుని వాదించింది.

మామూలు టీచరు ఇక్కడ ఏం చేస్తారో మనకు తెలుసు. ఆరు సరి సంఖ్య, కూర్చో. అలా అన్నా తప్పు లేదు, గణితం టీచరు పక్షానే ఉంది. బాల్ అలా తేల్చేయలేదు. షాన్ చెబుతున్నది బేసి సంఖ్యల సంగతి కాకపోయినా అందులో ఒక నిజమైన వరస ఉందని ఆమె చూశారు. 2, 6, 10, 14, 18: జతల లెక్క బేసిగా వచ్చే సంఖ్యలు. వాటికి షాన్ సంఖ్యలు అని పేరుపెట్టి తరగతికి అప్పగించారు. నాలుగేసి దూరంలో వచ్చే ఆ సంఖ్యలను పిల్లలు పరీక్షించడం మొదలుపెట్టారు. ఆ వరసలో రెండు సంఖ్యలు కలిపితే మళ్లీ ఆ వరసలోదే వస్తుందా? రాదు. 6, 10 కలిపితే 16, అందులో జతలు ఎనిమిది. (యూక్లిడ్ ఏడో గ్రంథంలో ఇలాంటి సంఖ్యలకు విడిగా నిర్వచనమే ఉంది. ఎనిమిదేళ్ల పిల్లవాడు తెలియక తొక్కిన దారి పాతదే.)

ఇంత జరిగాక, పిల్లల బుర్రలో గందరగోళం మిగలదా? ఈ సందేహం ముందు ఆమెకే వచ్చింది. 1993లో అచ్చయిన వ్యాసంలో ఆ గుంజాటన దాచకుండా రాశారు: పిల్లవాడి ఆలోచనను గౌరవించాలి, గణితం చెడకూడదు, తరగతి మొత్తానికీ తన బాధ్యత ఉంది. ఆ పాఠాల తర్వాత ఆమె పిల్లలకు పరీక్ష పెట్టారు. బేసి అంటే ఏమిటో పిల్లలు సరిగ్గా చెప్పారు. సంఖ్యలను రెండు వలయాల్లో సర్దమన్న ప్రశ్నలో 90 ఉంది. అది షాన్ సంఖ్యే. దాన్ని సరి, బేసి కలిసే చోట పెట్టినవాళ్లు ఒక్కరూ లేరు. ఆ ప్రశ్నలో 90ని చేర్చడమే నాకు పనితనంగా కనిపిస్తుంది. తన నిర్ణయం వికటించి ఉంటే బయటపెట్టేది సరిగ్గా ఆ సంఖ్యే.

ఆ వీడియోల చుట్టూ తర్వాత పెద్ద పనే సాగింది. హైమన్ బాస్ అనే ప్రసిద్ధ గణితవేత్త, అమెరికన్ గణిత సంఘానికి అధ్యక్షుడిగా పనిచేసిన మనిషి, బాల్‌తో కూర్చుని ఆ మూడో తరగతి పాఠాలను ఏళ్ల తరబడి చూశారు. వాళ్లు వెతికింది పిల్లలకు చెప్పే పనిలో ఎక్కడెక్కడ ఏ గణితం దాగి ఉందో. వెతికి తీసినదాన్ని కొలవడానికి హెదర్ హిల్ అనే పరిశోధకురాలు, మరికొందరు టీచర్లకు ప్రశ్నలు తయారుచేశారు. ఒకటి ఇలా ఉంటుంది. ముగ్గురు పిల్లలు 35ని 25తో గుణించారు. ఒకరు 125 వేసి, కింద 75ని ఒక స్థానం జరిపి రాశారు. ఒకరు 175కు 700 కలిపారు. ఒకరు 25, 150, 100, 600 వేసి కూడారు. అందరికీ 875 వచ్చింది. ఈ పద్ధతుల్లో ఏవి ఏ రెండు పూర్ణ సంఖ్యలకైనా పనికొస్తాయి? జవాబు చెప్పాలంటే ఒక్కో పిల్లవాడి తలలోకి దూరి రావాలి. బట్టీ పట్టి వచ్చే ప్రశ్న కాదిది. (మూడూ పనికొస్తాయి. మూడోవాడు అడ్డదారి తొక్కినట్టు కనిపించినా అందరికంటే విప్పి రాసింది వాడే.)

ఈ కొలమానంతో హిల్, బ్రయన్ రోవన్, బాల్ 2005లో ఒక అధ్యయనం ప్రచురించారు. ఇలాంటి ప్రశ్నల్లో బాగా చేసిన టీచర్ల దగ్గర ఒకటో తరగతి, మూడో తరగతి పిల్లలు ఏడాదిలో ఎక్కువ నేర్చుకున్నారని తేలింది. ఒకటో తరగతికి కూడా టీచరు గణితం లోతు పనికొస్తుందనేది చాలామంది ఊహించని సంగతి. ఫలితం మరీ పెద్దదేమీ కాదు, అర నెల నుంచి మూడింట రెండు వంతుల నెల చదువుకు సమానమని వాళ్లే రాశారు. ఉన్నదానికంటే ఎక్కువ చెప్పుకోకపోవడం నాకు నచ్చింది.

కొత్త టీచరుకు ఇదంతా ఎలా అందుతుంది? ఫ్రాంచెస్కా ఫోర్జానితో కలిసి 2009లో రాసిన వ్యాసంలో బాల్, పాఠం చెప్పడం సహజంగా వచ్చే పని కాదంటారు. నిజమే. జవాబు తెలిసి కూడా ప్రశ్న అడిగేది లోకంలో టీచరే. ఎదుటివాడు తడబడుతుంటే అందించి సాయపడటం మన మర్యాద, టీచరు మాత్రం నోరు కట్టుకుని ఆగాలి. మంచి మనసుంటే చాలు, అనుభవం మీద వస్తుందిలే అని వదిలేస్తే, వచ్చేలోపు ఎంతమంది పిల్లలు ఆ తరగతి దాటిపోతారు? అందుకని మిషిగన్ విశ్వవిద్యాలయంలో బాల్ నెలకొల్పిన టీచింగ్‌వర్క్స్ సంస్థ పాఠం చెప్పే పనిని విడగొట్టి, కొత్తవాళ్లకు ముందుగా రావాల్సిన పనులు పంతొమ్మిది ఎంచింది. చర్చ నడపడం, విడమరిచి చెప్పడం, ఒక్కో పిల్లవాడి ఆలోచన రాబట్టడం, తల్లిదండ్రులతో మాట్లాడటం వంటివి.

ఈ ఆలోచన రాబట్టడం అనేదాన్ని నేర్పడానికి అక్కడే మెగన్ షానెసీ, తిమోతీ బోర్స్ట్ చేసిన ఏర్పాటు ముచ్చటగా ఉంటుంది. శిక్షణలో ఉన్న వ్యక్తికి ఒక పిల్లవాడు చేసిన లెక్క కాగితం ఇస్తారు. ఎదురుగా పిల్లవాడి పాత్రలో పెద్దవారొకరు కూర్చుంటారు. ఆ పిల్లవాడు ఎలా ఆలోచిస్తాడో, ఏ ప్రశ్నకు ఏం చెప్పాలో, అడగనిదే ఏం చెప్పకూడదో ఆ నటుడికి ముందే రాసిచ్చి ఉంటుంది. కాసేపు మాట్లాడాక, ఆ పిల్లవాడు ఏమనుకుని ఆ లెక్క చేశాడో చెప్పమంటారు. కొత్తవాళ్లలో కొందరు తమ ఆలోచననే పిల్లవాడి నోట్లో పెట్టేస్తారు, ఇంకొందరు తమకొచ్చిన పద్ధతిలోకి లాగేస్తారు. అసలు పిల్లల మీద ప్రయోగం చేయకుండా ఈ అలవాట్లు బయటపడతాయి, దిద్దుకోవచ్చు. నటించే వ్యక్తి మారినా పిల్లవాడు మారడు గనక అందరినీ ఒకే కొలతతో చూడొచ్చు. మన బీఈడీ, డీఎడ్ టీచింగ్ ప్రాక్టీసులో చార్టులు, లెసన్ ప్లాన్ రికార్డులు చూస్తారు. పిల్లవాడి మాట ఎంతవరకు విన్నావు అని ఎవరూ మార్కులు వేయరు.

2018లో అమెరికన్ విద్యా పరిశోధన సంఘం అధ్యక్షురాలి హోదాలో చేసిన ప్రసంగంలో బాల్ నిమిషమున్నర నిడివి కూడా లేని వీడియో ఒకటి చూపించారు. సంఖ్యారేఖ మీద మూడింట ఒకటి ఉండాల్సిన చోట ఒక నల్లజాతి అమ్మాయి ఏడింట ఒకటి అని చెబుతుంది. మరో నల్లజాతి అమ్మాయి చిన్నగా నవ్వుతూ ఎందుకలా అనుకున్నావని అడుగుతుంది. ఆ కాస్త సేపట్లో టీచరు ఎటైనా మొగ్గగల క్షణాలు ఇరవై ఉన్నాయని బాల్ లెక్కకట్టారు. నవ్విన పిల్లను అల్లరిదానిగా చూడొచ్చు, మంచి ప్రశ్న అడిగినదానిగానూ చూడొచ్చు. నల్లజాతి ఆడపిల్లలను బడి ఎలా చూస్తుందనే పెద్ద అన్యాయం ఆ చిన్న క్షణాల్లోనే జరుగుతుందని, దాన్ని విరిచేయగలిగే వీలూ అక్కడే ఉందని ఆమె వాదన.

నాకూ ఒక పేచీ ఉంది. పంతొమ్మిది పనుల జాబితా అధికారి చేతిలో పడితే టిక్కులు పెట్టే ఫారంగా మారడానికి ఎంతో సేపు పట్టదు. షాన్ దగ్గర బాల్ చేసింది ఏ జాబితాలోనూ ఇమడదు. అయినా ఏదీ విడగొట్టకుండా అంతా అనుభవానికి వదిలేయడం కంటే ఈ దారే మేలు.

ఇక మన టీచర్ల నియామకాలు చూడండి. తెలంగాణ 2024 డీఎస్సీలో 11,062 పోస్టులు, ఆంధ్రప్రదేశ్ 2025 మెగా డీఎస్సీలో 16,347 పోస్టులు ప్రకటించారు. ఆ పరీక్షల్లో మెథడాలజీ పేరుతో ఎక్కువగా అడిగేది నిర్వచనాలు, ఎవరు ఏ సిద్ధాంతం చెప్పారన్న సంగతులు. పేపర్ తయారుచేసే పెద్దలకు ఒక మనవి. వచ్చేసారి ఎస్జీటీ పేపర్లో ఐదారు ప్రశ్నలైనా 35 ఇంటూ 25 తరహాలో, పిల్లల నోటుపుస్తకాల్లోంచి తీసి పెట్టండి. దానికి కొత్త బడ్జెట్టు అక్కర్లేదు, జీవో అక్కర్లేదు.