మారికుప్పం పనితనం

చెన్నై నుంగంబాక్కంలో, వాతావరణ కేంద్రం ఆవరణలో, పాత మద్రాసు నక్షత్రశాల తాలూకు రాతి స్తంభం ఇప్పటికీ నిలిచి ఉంది. దాని మీద చెక్కిన భాషల్లో తెలుగూ ఒకటి. 1805 నుంచి కొన్నేళ్లు ఆ నక్షత్రశాల బాధ్యత చూసినవాడు జాన్ వారెన్. పుట్టుకతో ఫ్రెంచివాడు. మన పంచాంగ గణితాన్ని వివరిస్తూ 'కాలసంకలిత' అనే ఉద్గ్రంథం రాసి 1825లో మద్రాసులోనే అచ్చు వేయించాడు. నేల మీద గవ్వలు పేర్చి గ్రహణం లెక్క తేల్చే పంచాంగకర్త పనిని దగ్గర కూర్చుని చూసి రాసుకున్న మనిషి ఆయన. అంతకు చాలా ముందే, 1802లో, అదే శ్రద్ధతో మరో పని చూశాడు. దాని గురించే ఈ వ్యాసం.

టిప్పు పతనం తర్వాత మైసూరు రాజ్యాన్ని కొలిపించే పని కాలిన్ మెకంజీకి అప్పగించారు. కావలి సోదరులు ఎవరి దగ్గర పనిచేశారో ఆ మెకంజీయే. ఆయన కింద తూర్పు సరిహద్దు కొలుస్తున్న వారెన్‌కు కోలారు సీమలో మట్టిలో బంగారం దొరుకుతుందన్న మాట చెవిన పడింది. చూపించినవాళ్లకు బహుమతి ఇస్తానన్నాడు. ఉరిగాం ఊరి ఆడవాళ్లు చీపుర్లు, చేటలు, గుంట పలకలు పట్టుకుని వచ్చి, నేల మీది మట్టి ఊడ్చి, ఆయన ఎదుటే జాలించి బంగారు నలుసులు చూపించారు.

పక్కనే ఉన్న మారికుప్పంలో పని ఇంకా లోతుది. అక్కడ మగవాళ్లు గనిలోకే దిగేవాళ్లు. ముప్పై, నలభై అడుగుల లోతు గొయ్యి. గోడలకు కాలు పట్టేటంత గుంటలు తొలిచి, వాటినే మెట్లుగా చేసుకుని దిగడం. అడుగున పలుగురాయి చార ఎటు పోతే అటు అడ్డంగా తవ్వుకుంటూ వెళ్లడం. తవ్విన రాయి చేతులు మారుతూ పైకి వచ్చేది. పైన ఆడవాళ్లు దాన్ని పెద్ద బండ మీద వేసి పొడిగొట్టి, బావి దగ్గరికి తీసుకెళ్లి కడిగేవాళ్లు. వీళ్లంతా ఊరికి అవతల వెలివాడల్లో బతికినవాళ్లు.

చదవడానికి ఇది చాలా సులువైన పనిలా ఉంటుంది. కాదు. బంగారం పలుగురాయికి దాదాపు ఏడు రెట్లు బరువు. జాలించడంలోని కిటుకంతా ఆ తేడా మీదే నడుస్తుంది. అయితే పొడి సరిగ్గా కుదరాలి. బరకగా వదిలేస్తే బంగారం రాతి పలుకు లోపలే ఉండిపోయి, రాతితో పాటే నీళ్లలో పోతుంది. మరీ మెదిపితే నలుసు రేకులా చదునై నీటి మీద తేలిపోతుంది. ఎక్కడ ఆపాలో చెప్పే కొలత ఏదీ లేదు, వేళ్ల మధ్య పొడిని నలిపి చూసుకోవడం తప్ప. తర్వాత పలకను ఊపే తీరు. ఊపు ఎక్కువైతే అంతా పోతుంది, తక్కువైతే ఇసుక కదలదు. చివరికి నల్లటి బరువు ఇసుక అంచున పచ్చగా ఒక చార నిలవాలి.

వారెన్ లెక్క ప్రకారం సుమారు 56 కిలోల మట్టికి ఒక గ్రెయిన్ బంగారం వచ్చింది. అంటే గ్రాములో పదిహేనో వంతు. మన కంసాలి లెక్కలో సగం గురిగింజ ఎత్తు. టన్నుకు ఒక గ్రాము కంటే కాస్త ఎక్కువ, అంటే పది లక్షల పాళ్లలో ఒక్క పాలు. యంత్రం లేదు, పాదరసం లేదు. ఆ ఒక్క పాలును వట్టి చేతులతో, నీటితో పట్టుకున్నారు. ఈ అంకె దగ్గర నేను ఎప్పుడూ ఆగిపోతాను.

ఆ పని వాళ్లతో మొదలైనదీ కాదు. కోలారు బొగ్గు నమూనాలకు కాలనిర్ణయం చేస్తే అవి క్రీస్తు శకం మొదటి వెయ్యేళ్ల నాటివని తేలింది. రాతికి మంటపెట్టి, కాగినాక నీళ్లు చల్లి పగలగొట్టే పాత పద్ధతి ఆనవాళ్లవి. అదే బంగారు రాతి పట్టీ దక్షిణంగా మన చిత్తూరు సీమలోకి, కుప్పం దగ్గరి చిగురుగుంట, బిసానత్తం దాకా సాగుతుంది. అక్కడా, అనంతపురం రామగిరిలోనూ, ఆధునిక గనులకు దారి చూపినవి పూర్వీకుల గోతులే.

కంపెనీల కథ అందరికీ తెలిసిందే కాబట్టి త్వరగా చెప్పేస్తాను. 1880లో జాన్ టేలర్ సంస్థ వచ్చింది. డబ్బంతా కరిగి, ఇక మూసేద్దామనుకునే వేళకు, ప్లమర్ అనే గని నిపుణుడు పాత గోతుల జాడ పట్టుకుని వాటి కిందికి దిగాడు. చాంపియన్ రీఫ్ అనే బంగారు రాతి చార దొరికింది. 2001లో మూతపడే నాటికి గని మూడు కిలోమీటర్లు దాటి దిగింది; వచ్చిన బంగారం దాదాపు 800 టన్నులు. మిల్లులో ఉక్కు రోకళ్లు, పాదరసం, సైనైడు చేరాయి. వరస మాత్రం మారికుప్పం బండ దగ్గరిదే: పొడిగొట్టు, కడుగు, బరువైనది మిగుల్చు. ప్లమర్‌కు దక్కాల్సిన పేరు దక్కనీ, కానీ ఎక్కడ తవ్వాలో ముందే గుర్తుపెట్టినవాళ్లను 'పాత గోతులు' అని ఒక్క మాటలో దాటేయడం నాకు మింగుడుపడదు.

కంపెనీలు రాకముందు సంగతి ఒకటి మిగిలింది. 1859లో, ప్రమాదాలు జరుగుతున్నాయని చెప్పి, ఊరివాళ్లు భూమి కింద తవ్వకూడదని నిషేధం పెట్టారు. వారెన్ రాసిన వివరాలు చదివి, మైకెల్ లావెల్ అనే రిటైరైన సైనికుడు ఎడ్లబండి కట్టించుకుని బెంగళూరు నుంచి కోలారు వచ్చాడు. 1875లో, ఇరవై ఏళ్ల పాటు తవ్వుకునే హక్కు ఆయనకు దక్కింది. మొదటి గొయ్యి ఉరిగాం దగ్గరే తీయించాడు.