వాది, ప్రతివాది, దాయాది

సివిల్ దావా వేసినవారు వాది; ఎవరి మీద వేశారో వారు ప్రతివాది. క్రిమినల్ కేసులో ఫిర్యాదు చేసినవారు ఫిర్యాది, ఆరోపణ ఎదుర్కొనేవారు నిందితుడు లేదా ముద్దాయి. పైకోర్టుకు వెళ్తే అప్పీలుదారు, రిట్ వేస్తే పిటిషనర్, డిక్రీ చేతికొస్తే డిక్రీదారు. మనిషి ఒక్కడే, కేసు నడిచేకొద్దీ పేరు మారుతుంటుంది. కింది కోర్టులో ఓడిన ప్రతివాది అప్పీలు వేసిన రోజు నుంచి అప్పీలుదారు అవుతాడు. అక్కడ గెలిచిన వాది ఇక్కడ రెస్పాండెంట్‌గా నిలబడతాడు. ఈ పేర్లు మనిషి కోర్టులో ఎక్కడ నిలుచున్నాడో చెబుతాయి, ఎలాంటివాడో చెప్పవు. అయినా వాడుకలో వీటిలో చాలావాటికి మంచీ చెడూ అంటుకున్నాయి. ఏ పేరుకు ఏది ఎలా అంటుకుందో తెలుసుకోవడం వార్త రాసేవారికీ, తీర్పు చదివేవారికీ అవసరం.

ధర్మశాస్త్రాలు వ్యాజ్యాన్ని వ్యవహారం అన్నాయి. అందులో రెండు పక్షాలు అర్థి, ప్రత్యర్థి. అర్థి చెప్పినదాన్ని చెప్పింది చెప్పినట్టు, ప్రత్యర్థి ఎదుటనే, సంవత్సరం, నెల, పక్షం, రోజు, పేర్లతో సహా రాయాలని యాజ్ఞవల్క్య స్మృతి నియమం పెట్టింది. అవతలి మనిషి లేనప్పుడు అతని మీద మాట రాసుకోకూడదన్న పట్టింపు అంత పాతది. భాష, ఉత్తరం, క్రియ, సాధ్యసిద్ధి అని వ్యవహారానికి నాలుగు పాదాలు చెప్పారు. నేటి ప్లెయింటు, జవాబు దావా, సాక్ష్యం, తీర్పు నడిచేది అదే వరుసలో. ఆ స్మృతికి విజ్ఞానేశ్వరుడు రాసిన వ్యాఖ్య మితాక్షర. 13వ శతాబ్దంలో కేతన దాని ఆధారంగా విజ్ఞానేశ్వరీయం రాసి న్యాయశాస్త్రాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. ఆ పాత జంట ఇప్పుడు విడిపోయింది. అర్థి అంటే యాచకుడనే అర్థమే మిగిలింది. ప్రత్యర్థి కోర్టు వదిలి ఎన్నికల్లోకి, క్రికెట్ మైదానంలోకి వెళ్లాడు. ఒకప్పుడు జవాబు చెప్పుకోవాల్సిన మనిషి పేరు ఇప్పుడు ఓడించాల్సిన మనిషి పేరయింది.

అంతకన్నా పెద్ద మలుపు ముద్దాయిది. అరబీలో ఈ మాటకు హక్కు కోరి వచ్చినవాడని అర్థం, అంటే వాది. ఉర్దూ కోర్టు భాషలో నేటికీ ముద్దయీ వాదే, ఎదుటివాడు ముద్దాలే. తెలుగులో ముద్దాయి బోనులో నిలబడ్డాడు. ఫిర్యాది పక్కన జంటగా కుదురుకుని, నేరారోపణ ఎదుర్కొనేవాడికి స్థిరపడిన పేరయింది. ఇది నిఘంటువుల్లో ముగిసిపోయే సంగతి కాదు. నిజాం రాజ్యంలో 1884లో పారసీ స్థానంలో ఉర్దూ కోర్టు భాష అయింది. తెలంగాణలో పాత భూముల వివాదాలకు ఆ కాలపు ఉర్దూ కాగితాలు ఇప్పటికీ ఆధారాలుగా వస్తుంటాయి. వాటిలోని ముద్దయీని తెలుగు ముద్దాయిగా చదివితే దావా మొత్తం తలకిందులవుతుంది. భూమి అడిగినవాడు ఆక్రమించినవాడిగా కనిపిస్తాడు.

క్రిమినల్ కేసులో మాటల మెట్లు ఇంకా జాగ్రత్తగా ఎక్కాలి. పోలీసులు అనుమానించినంత వరకు అనుమానితుడు. పేరు కేసులోకి ఎక్కాక నిందితుడు. కోర్టు నేరం రుజువైందని తీర్పు చెప్పాకే దోషి. ఈ మూడింటి మధ్య నెలలు, ఒక్కోసారి ఏళ్లు ఉంటాయి. ఆ కాలమంతా చట్టం మనిషిని నిర్దోషిగానే చూస్తుంది. పత్రికల్లో, టీవీల్లో వినిపించే ఏ1, ఏ2 అన్నవి కేసు కాగితంలో వరుస సంఖ్యలు మాత్రమే. నేరంలో ఎవరి పాలు ఎంతో చెప్పే కొలతలు కావు. అరెస్టు వార్తలోనే నేరస్థుడు అని రాయడం రెండు మెట్లు ఒక్కసారిగా దూకడం. కేసు కొట్టేసిన రోజు వచ్చే నాలుగు లైన్ల వార్త ఆ మాటను వెనక్కి తీసుకురాలేదు. చేతిలో నిందితుడనే సరైన మాట ఉండగా ఇంత హాని చేయడానికి ఏ తొందరా కారణం కాకూడదు.

ఫిర్యాది సంగతి ఇంకో రకం. పోలీసు కేసు నడిపేది రాజ్యం. ఫిర్యాది చాలాసార్లు అందులో మొదటి సాక్షి, పీడబ్ల్యూ1 మాత్రమే. దెబ్బ తిన్న మనిషికి బాధితుడు లేదా బాధితురాలు అనే పేరును క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ నిర్వచించింది 2009 చివర్లో అమల్లోకి వచ్చిన సవరణతోనే. నిందితుణ్ని విడిచిపెడితే అప్పీలు చేసుకునే హక్కు కూడా బాధితులకు అప్పుడే దక్కింది. 2024 జులై 1న ఆ కోడ్ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత ఆ నిర్వచనాన్ని నిలుపుకుంది. 2009 దాకా కేసుకు కారణమైన మనిషికి కేసులో సొంత పేరు లేదు.

సాక్షుల్లో ఒక పేరు గురించి ఒక్క మాట. పిలిచిన పక్షానికి ఎదురు తిరిగిన సాక్షిని వకీళ్లు హాస్టైల్ అంటారు, తెలుగులో ప్రతికూల సాక్షి అంటారు. 2024 దాకా అమల్లో ఉన్న 1872 నాటి సాక్ష్య చట్టంలోని 154వ సెక్షన్‌లో ఆ మాటే లేదు. తాను పిలిచిన సాక్షినే క్రాస్ ప్రశ్నలు అడగడానికి కోర్టు అనుమతించవచ్చని మాత్రం ఉండేది.

కోర్టు వరండాలో గుమాస్తాలకూ ప్లీడర్లకూ మనిషి పార్టీ. ఎదుటివాడు అవతలి పార్టీ. రాతలో దీనికి సమానమైన మాట కక్షిదారు. ఇది కక్ష నుంచి వచ్చింది. ఉభయ కక్షలు అంటే రెండు పక్షాలనే. కక్ష కట్టాడు అంటే పగ పట్టాడని. ఒకే మాటలో పక్షమూ పగా కలిసి ఉండటం తెలుగు పల్లెల అనుభవం నుంచి వచ్చిందే. గట్టు తగాదాగా మొదలైనది తరాల వైరంగా మారడం అక్కడ కొత్త కాదు.

దాయాది అనే మాటలో ఆ అనుభవం మరింత లోతుగా ఉంది. దాయం అంటే వారసత్వ ఆస్తి, దాన్ని పొందేవాడు దాయాదుడు. తెలుగులో అది దాయాది అయి, తండ్రి వైపు మగ వరుసలో పాలుపంచుకునే బంధువుకు పేరయింది. పాత తెలుగులో దాయ అంటే జ్ఞాతి, శత్రువు కూడా. కారణం ఆస్తి చట్టంలోనే ఉంది. మితాక్షర పద్ధతిలో ఉమ్మడి ఆస్తిలో కొడుక్కి పుట్టుకతోనే హక్కు వస్తుంది. ఇంట్లో మగబిడ్డ పుట్టిన ప్రతిసారీ మిగిలినవారి వాటా తగ్గుతుంది. అన్నదమ్ముల పిల్లలు ఒకరికొకరు పోటీదారులుగానే పుడతారు. పత్రికలు దాయాది దేశం, దాయాదుల పోరు అని రాసినప్పుడు పాఠకుడికి వివరించి చెప్పాల్సిన పని ఉండదు.

అయితే ఆ పేరు కింద ఇప్పుడు నిలబడేవారు మారారు. ఉమ్మడి ఆస్తిలో కూతుళ్లకు సమాన హక్కు ఇస్తూ ఆంధ్రప్రదేశ్ చేసిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి వర్తించింది, ఆనాటికి పెళ్లయినవారికి మినహా. 2005లో కేంద్ర చట్టం ఆ మినహాయింపు లేకుండా దేశమంతటా హక్కు ఇచ్చింది. 2005 సెప్టెంబరు 9 నాటికి తండ్రి బతికి లేకపోయినా కూతురి హక్కు పోదని 2020లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. చట్టం దృష్టిలో అక్కచెల్లెళ్లు అన్నదమ్ములతో సమాన భాగస్వాములు. వాడుకలో మాత్రం ఆడబిడ్డను దాయాది అనరు. పైగా వాటా అడిగిన ఆడపడుచును ఆశపోతు అనే ఇళ్లు ఇంకా ఉన్నాయి. తన హక్కును తాను అడిగిన మనిషికి వాది తప్ప మరో పేరు తగదు.

విభజన దావాలో ఆ పేరు కూడా పలచబడుతుంది. అక్కడ వాటా ఉన్న ప్రతి ఒక్కరూ ఏకకాలంలో వాదీ ప్రతివాదీ అని న్యాయస్థానాలు భావిస్తాయి. ముందుగా కోర్టుకు వచ్చినవారు వాది జాబితాలో ఉంటారు, అంతే. కోర్టు ఫీజు కట్టి ప్రతివాది కూడా తన వాటా విడదీసి ఇమ్మని అడగవచ్చు. అన్న మీద తమ్ముడు దావా వేశాడు అని ఊరు చెప్పుకునే కేసులో అన్న కూడా భాగం కోరేవాడే.

ఇద్దరి మధ్య ఉండే మనిషికి తెలుగులో ఒక పాత పేరు తగవరి. తగవు మొదట్లో న్యాయం. తగింది చెప్పేవాడు తగవరి. తర్వాత తగవు గొడవగా మారింది, తగవరి వాడుక నుంచి పోయాడు. అతని చోటుకు వచ్చిన మధ్యవర్తి మీద ఇప్పుడు మూడు పనులు పడ్డాయి. 1996 ఆర్బిట్రేషన్ చట్టం కింద ఆర్బిట్రేటర్ విని అవార్డు ఇస్తాడు. అది డిక్రీలా అమలవుతుంది. 2023 మీడియేషన్ చట్టం కింద మీడియేటర్ తీర్పు చెప్పడు, ఇరువర్గాలు ఒక ఒప్పందానికి రావడానికి సాయపడతాడు. మూడోవారు పోలీసుల పంచనామాలో సంతకం చేసే మధ్యవర్తులు. ఆంధ్రప్రదేశ్‌లో తరచు అది గ్రామ రెవెన్యూ అధికారి (వీఆర్వో) బాధ్యత. వారు ఎవరి మధ్యా రాజీ కుదర్చరు. చూసింది చూసినట్టు తర్వాత కోర్టులో చెప్పాల్సిన సాక్షులు వారు. మూడు పనులకు మూడు మాటలు వాడుకోవడం కష్టం కాదు: తీర్పు చెప్పేవారికి ఆర్బిట్రేటర్, రాజీకి సాయపడేవారికి మధ్యవర్తి, పంచనామాకు పంచసాక్షి.