ఒక్క పుటలో పరిశోధన

ప్రతి ఏటా ఫిబ్రవరి 28న మన దేశంలో జాతీయ విజ్ఞాన దినోత్సవం జరుగుతుంది. 1987లో మొదలైన ఈ ఉత్సవంలో వ్యాసరచన పోటీ పెట్టని బడి అరుదు. విషయం చాలాచోట్ల సర్ సి.వి. రామన్ జీవితమే. ఆ వ్యాసాలలో ఓడ ప్రయాణం ఉంటుంది, మధ్యధరా సముద్రపు నీలం ఉంటుంది, 1930 నాటి నోబెల్ బహుమతి ఉంటుంది, ఆయన అడుగుజాడల్లో నడుద్దామన్న పిలుపు ఉంటుంది. రామన్ తన పరిశోధనను ఎలా రాశారన్న సంగతి మాత్రం ఉండదు. ఆయనను పొగడమని పిల్లలకు చెబుతున్నాం గానీ ఆయన రాతను వాళ్ల చేతికి ఇవ్వడం లేదు.

దీని ఫలితం డిగ్రీ, పీజీ తరగతుల్లో తేలుతుంది. ఒక పత్రాన్ని సమీక్షించమంటే విద్యార్థి అందులోని వాక్యాలనే కుదించి తిప్పి రాస్తాడు. విమర్శించమంటే రెండు పొగడ్తలు, ఒక నింద రాసి ఊరుకుంటాడు. సొంతంగా పరిశోధనా పత్రం రాయమంటే పోయిన ఏడాది సీనియర్ ఇచ్చిన రిపోర్టు వెతుకుతాడు. మంచి పత్రం ఎలా ఉంటుందో ఒక్కసారైనా చూపించకుండా రాయమంటే మరేం చేయగలడు? అందుకే ఒక అసలు పత్రాన్ని ముందు పెట్టుకుని, సమీక్షకుడి కళ్లతో చదివి చూద్దాం.

పత్రంలో ఏముంది?

ఇంగ్లండు నుంచి వెలువడే 'నేచర్' వారపత్రికలో 1928 మార్చి 31న 'ఒక కొత్త రకం ద్వితీయ వికిరణం' అని అర్థం వచ్చే శీర్షికతో ఒక లేఖ అచ్చయింది. కింద రెండు పేర్లు: సి.వి. రామన్, కె.ఎస్. కృష్ణన్. చిరునామా కలకత్తాలోని 210, బౌబజారు వీధి. తేదీ ఫిబ్రవరి 16. లేఖ మొత్తం ఒక పుటకు మించదు.

సమీక్షకుడి మొదటి బాధ్యత, రచయిత చెప్పిన సంగతిని తన మాటల్లో నిజాయితీగా చెప్పడం. రచయిత అది చదివితే 'అవును, నేనన్నది ఇదే' అని ఒప్పుకోవాలి. ఈ లేఖ సారాన్ని అలా చెప్పి చూద్దాం.

ఎక్స్ కిరణాలు పదార్థం మీద పడి చెదిరినప్పుడు కొన్ని మారకుండా, కొన్ని తరంగదైర్ఘ్యం మారి బయటికి వస్తాయని అమెరికా శాస్త్రజ్ఞుడు కాంప్టన్ అంతకుముందే చూపించారు. మామూలు కాంతి విషయంలోనూ ఇలా రెండు రకాల పరిక్షేపణం ఉండాలని రామన్, కృష్ణన్ ఊహించారు. దాన్ని ప్రయోగంతో తేల్చుకోవడానికి సూర్యకాంతిని 18 సెంటీమీటర్ల వ్యాసం, 230 సెంటీమీటర్ల నాభ్యంతరం గల దూరదర్శిని కటకంతోనూ, ఆ తర్వాత 5 సెంటీమీటర్ల నాభ్యంతరం గల మరో కటకంతోనూ కేంద్రీకరించి ద్రవంలోకి పంపారు. ఆ ద్రవాన్ని ముందుగా శూన్యంలో పలుమార్లు స్వేదనం చేసి శుద్ధి చేశారు. అరవై దాకా మామూలు ద్రవాలను ఇలా పరీక్షించగా, ఎక్కువో తక్కువో ప్రతి ఒక్కదానిలోనూ కొత్త కాంతి కనిపించింది. ఈథర్, ఎమిలీన్ వంటి వాటి చిక్కని ఆవిరుల్లోనూ కనిపించింది.

కాంతి మారిందని వారికి ఎలా తెలిసింది? రెండు రంగుటద్దాలతో. ఒకటి నీలం-ఊదా కాంతిని మాత్రమే వదిలేది, రెండోది పసుపు-ఆకుపచ్చ కాంతిని మాత్రమే వదిలేది. రెండింటినీ కలిపి సూర్యకాంతికి అడ్డం పెడితే ద్రవంలో వెలుగు జాడ పూర్తిగా మాయమైంది. తర్వాత నీలం అద్దాన్ని ఉన్నచోటే ఉంచి, పసుపు అద్దాన్ని మాత్రం ద్రవానికీ కంటికీ మధ్యకు మార్చారు. ద్రవం నీలి కాంతిని మార్చకుండా చెదరగొడుతూ ఉంటే, పసుపు అద్దం దాన్ని ఆపేసి జాడ ఇప్పుడు కూడా కనిపించకూడదు. కానీ జాడ మళ్లీ కనిపించింది. అంటే ద్రవంలోకి వెళ్లిన నీలి కాంతిలో కొంత భాగం రంగు మారి బయటికి వచ్చిందన్నమాట.

బలం ఎక్కడ ఉంది?

ఇక పరీక్ష మొదలుపెడదాం. ఈ లేఖలోని మొదటి గుణం, అది ప్రశ్నతో మొదలవుతుంది. కాంతి అంటే ఏమిటి, దాని చరిత్ర ఏమిటి అన్న ఉపోద్ఘాతం లేదు. 'ఇది నిజమైతే అది కూడా జరగాలి' అన్న ఊహ మొదటి వాక్యంలోనే ఉంది. తర్వాతి ప్రతి వాక్యం ఆ ఊహను పరీక్షించడానికే ఉంది.

రెండో గుణం, పద్ధతిని ఇంకొకరు తిరిగి చేయగలిగేంత స్పష్టంగా చెప్పడం. కటకాల కొలతలు ఉన్నాయి, శుద్ధి చేసిన తీరు ఉంది, అద్దాల అమరిక ఉంది. ఎండ, రెండు కటకాలు, రెండు రంగుటద్దాలు ఉన్న ఏ ప్రయోగశాల అయినా ఈ మాటను సరిచూసుకోవచ్చు. తన మాట తప్పని తేల్చే సాధనాన్ని కూడా పాఠకుడి చేతిలో పెట్టడమే పరిశోధనా పత్రానికి ప్రాణం.

మూడో గుణం అన్నింటికంటే ముఖ్యమైనది. ఎదుటివాడు ఏమని ఆక్షేపిస్తాడో వారే ముందుగా ఊహించారు. కొన్ని పదార్థాలు కాంతిని పీల్చుకుని మరో రంగులో వెదజల్లుతాయి. దీన్ని ప్రతిదీప్తి అంటారు. ద్రవంలో రవ్వంత మలినం ఉన్నా ఇలా జరగవచ్చు. 'మీరు చూసింది ప్రతిదీప్తే కావచ్చు కదా?' అనే ప్రశ్నకు లేఖలో రెండు జవాబులున్నాయి. ఒకటి, మామూలు పరిక్షేపణంతో పోలిస్తే ఈ కాంతి చాలా బలహీనంగా ఉంది. రెండు, ఈ కాంతి చాలా ద్రవాల్లో మామూలు పరిక్షేపిత కాంతితో పోల్చదగినంత బలంగా ధ్రువణం చెంది ఉంది.

ఇక్కడే విద్యార్థి పెన్సిలు పట్టుకోవాలి. ఈ రెండు జవాబుల బరువు సమానమేనా? మొదటిది అంత గట్టిది కాదు. స్వల్ప మలినం వల్ల కలిగే ప్రతిదీప్తి కూడా బలహీనంగానే ఉంటుంది. రెండోది గట్టిది. ధ్రువణం బలంగా ఉండటం పరిక్షేపణానికి సహజం, ద్రవాల్లోని మామూలు ప్రతిదీప్తిలో సాధారణంగా అంతగా కనిపించదు. లేఖలో విడిగా వాదించకపోయినా మూడో జవాబు కూడా ఉంది. శుద్ధి చేసిన అరవై ద్రవాల్లో ఒక్కటీ మినహాయింపు లేకుండా ఒకేరకం మలినం మిగిలి ఉంటుందని నమ్మడం కష్టం. మహాశాస్త్రజ్ఞుడు రాశాడు గనుక రెండు కారణాలూ గొప్పవే అనేస్తే అది భజన అవుతుంది. ఏది ఎంత బరువు మోస్తుందో తూచి చెబితే విమర్శ అవుతుంది.

లోటు ఎక్కడ ఉంది?

ఈ లేఖలో కాంప్టన్ పేరు తప్ప మరో పరిశోధకుడి పేరు లేదు. కానీ ఈ దారిలో ముందు నడిచినవారు ఉన్నారు. రామన్ శిష్యుడు కె.ఆర్. రామనాథన్ 1923లోనే నీటిలో ఇలాంటి కాంతిని గమనించి, మలినాల వల్ల కలిగే బలహీన ప్రతిదీప్తిగా భావించారు. ఎంత శుద్ధి చేసినా అది పోలేదు. అదే ఏడాది స్మెకాల్ అనే శాస్త్రజ్ఞుడు ఇలాంటి పరిక్షేపణం ఉండవచ్చని సిద్ధాంతరీత్యా సూచించారు. ఇవేవీ లేఖలో లేవు. అయితే సమీక్షకుడు ఇక్కడ న్యాయం మరవకూడదు. 1928 మార్చి 16న బెంగుళూరులో ఇచ్చిన ఉపన్యాసంలో రామన్ తన శిష్యుల మునుపటి పరిశీలనలను పేర్కొన్నారు. కాబట్టి 'దాచారు' అనడం అన్యాయం. 'ఈ లేఖలో చెప్పలేదు' అనడం సరైన మాట.

రెండో లోటు అంకెలది. అరవై ద్రవాల పేర్లు లేవు. తరంగదైర్ఘ్యం ఎంత మారిందో లేదు. వర్ణపటదర్శినితో కూడా నిర్ధారణ ఉందని ఒక్క చిన్న వాక్యం ఉంది గానీ, ఏం చూశారో లేదు. లేఖ క్లుప్తంగా ఉండాలి, నిజమే. కానీ క్లుప్తతకు మూల్యం ఉంటుంది. అదే సమయంలో మాస్కోలో లాండ్స్‌బెర్గ్, మాండెల్‌స్టామ్ అనే ఇద్దరు స్ఫటికాల్లో ఇలాంటి ప్రభావాన్నే చూశారు. జూలైలో అచ్చయిన తమ పత్రంలో, రామన్ వర్ణన చాలా క్లుప్తంగా ఉన్నందున తాము చూసినదానికీ దానికీ ఎంత సంబంధం ఉందో అప్పటికి చెప్పలేమని వారు రాశారు. పత్రంలో రాయని ఒక్క అంకె చదివేవారిని ఎలా ఆపేస్తుందో చూడండి.

మాటల తూకం

రామన్ ఒక్కరి పేరుతో రెండో లేఖ 1928 ఏప్రిల్ 21న అదే పత్రికలో వచ్చింది. అందులో పాదరస దీపపు కాంతిని, వర్ణపటాన్ని ప్రస్తావించారు. మారిన ప్రధాన రేఖల స్థానం అన్ని పదార్థాలకూ ఒకటే అయినట్లు తోస్తున్నదని కూడా రాశారు. అది సరికాదని తర్వాతి కొలతలు తేల్చాయి. రేఖల స్థానం అణువును బట్టి మారుతుంది. ఈనాడు రసాయన శాస్త్రంలో రామన్ ఫలితానికి ఉన్న విలువంతా ఈ తేడాలోనే ఉంది. ఒక పదార్థం ఏమిటో దాని రేఖలే చెబుతాయి.

ఆ వాక్యం తప్పయినా ఆ లేఖకు మచ్చ రాలేదు. ఎందుకని? కంటితో చేసిన ప్రాథమిక పరిశీలనలు అలా సూచిస్తున్నట్లుంది అని మాత్రమే రామన్ రాశారు. ఆధారం ఎంత ఉందో అంతే గట్టిగా మాట్లాడారు. 'నిరూపించాము', 'తెలుస్తున్నది', 'సూచిస్తున్నది', 'అనిపిస్తున్నది' అన్నవి నాలుగు వేర్వేరు మెట్లు. మన విద్యార్థుల రిపోర్టుల్లో ప్రతి ఫలితమూ 'నిరూపించబడినది' అనే మెట్టు మీదే కూర్చుంటుంది.

మూడు పనులు, మూడు రాతలు

పత్రం, విమర్శ, సమీక్ష అనే మాటలను మనం కలిపేస్తుంటాం. తాను చేసిన పనిని ఇతరులు సరిచూసుకునేలా ఆధారాలతో పెట్టేది పరిశోధనా పత్రం. ఒక పత్రంలోని వాదాన్ని తూచేది విమర్శ. ఒక విషయం మీద ఎంతోమంది చేసిన పనిని ఒకచోట చేర్చి, ఏది తేలింది, ఏది తేలలేదు, ఎక్కడ పొసగడం లేదు అని చెప్పేది సమీక్షా వ్యాసం.

విమర్శకు రామనే మంచి ఉదాహరణ. సముద్రపు నీలం ఆకాశపు ప్రతిబింబమేనని లార్డ్ రేలీ అన్నారు. 1921లో ఓడ ప్రయాణంలో రామన్ నికోల్ పట్టకంతో నీటి ఉపరితలపు ప్రతిబింబాన్ని తొలగించి చూశారు. నీలం పోలేదు. నీటి అణువులే కాంతిని చెదరగొడుతున్నాయని వాదించారు. రేలీ పట్ల రామన్‌కు ఎంతో గౌరవం. ఆ గౌరవం ఆ మాటను పరీక్షించడానికి అడ్డు రాలేదు. సమీక్షకు ఉదాహరణ మన దగ్గరే ఉంది. కృష్ణా జిల్లాకు చెందిన సూరి భగవంతం 1928లో కలకత్తా వెళ్లి రామన్ వద్ద చేరారు. తర్వాత ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఆచార్యులుగా ఉంటూ కాంతి పరిక్షేపణం, రామన్ ఫలితం మీద ఆయన రాసిన గ్రంథాన్ని 1940లో ఆ విశ్వవిద్యాలయమే ప్రచురించింది. పన్నెండేళ్లలో ఎక్కడెక్కడో అచ్చయిన పనికి ఒక క్రమం కల్పించిన పుస్తకమది.

మన రిపోర్టుల మాట

ఇప్పుడు ఇదే గీటురాయి మీద మన ప్రాజెక్టు రిపోర్టును గీసి చూద్దాం. నల్లగొండ జిల్లాలోని ఒక ఊరి నీటిలో ఫ్లోరైడ్ కొలిచారనుకోండి. 'నీటి నమూనాలు సేకరించి పరీక్షించితిమి' అని రాస్తే ఎవరూ సరిచూడలేరు. ఎన్ని బోర్ల నుంచి తీశారు, ఏ నెలలో, ఎంతసేపు నీరు వదిలాక పట్టారు, ఒక్కో నమూనాను ఎన్నిసార్లు కొలిచారు, కొలతల మధ్య తేడా ఎంత, ఇవి రాయాలి. లీటరుకు 1.5 మిల్లీగ్రాముల హద్దు దాటిందని తేలితే, ఆ తేడాకు వాన, బోరు లోతు, పరికరపు దోషం కారణం కావని ఎలా చెప్పగలరో కూడా రాయాలి. చెప్పలేకపోతే, చెప్పలేమనే రాయాలి. అలా రాస్తే మార్కులు తగ్గుతాయన్న భయాన్ని ముందుగా వదలవలసినవారు పరీక్షకులు.

ఇక నకలు సంగతి. పరిశోధక విద్యార్థుల సిద్ధాంత వ్యాసాల్లో ఇతరుల రాతతో పోలిక ఎంత ఉంటే ఎలాంటి చర్య తీసుకోవాలో యూజీసీ 2018లో నిబంధనలు చేసింది. 10 శాతం లోపు ఉంటే శిక్ష లేదు. 60 శాతం మించితే నమోదే రద్దవుతుంది. నిబంధన అవసరమే. కానీ పోలిక శాతాన్ని లెక్కించే యంత్రం ఆలోచనను లెక్కించలేదు. మాటలు మార్చి రాసే సాఫ్ట్‌వేర్లు, అడిగిందే తడవుగా వ్యాసం అల్లి ఇచ్చే కంప్యూటర్ ప్రోగ్రాములు ఇప్పుడు అందరి ఫోన్లలోనూ ఉన్నాయి. వాటితో పోలిక సున్నాకు దించవచ్చు. ఆ బోరు దగ్గర నిలబడి నీళ్లు పట్టినవారికి మాత్రమే తెలిసే సంగతి ఆ వ్యాసంలో ఉండదు. 'ఈ అంకె నీకెలా వచ్చింది?' అని ఒక్క ప్రశ్న వేస్తే బండారం బయటపడుతుంది.

కాబట్టి విద్యార్థులు పెద్ద పత్రాలతో కుస్తీ పట్టే ముందు ఒక్క పుటతో మొదలుపెట్టాలి. ఏ పత్రం చదివినా నాలుగు ప్రశ్నలు వేసుకుని, ఒక్కోదానికి మూడు నాలుగు వాక్యాల్లో జవాబు రాయండి. రచయిత ఏమంటున్నారు? దానికి చూపిన ఆధారం ఏది? ఆ ఆధారాన్ని మరోలా వివరించవచ్చా, ఆ సంగతి రచయిత ఆలోచించారా? చెప్పవలసి ఉండి చెప్పనిది ఏమిటి? ఈ నాలుగు జవాబులు కలిపితే అదే మీ మొదటి సమీక్ష. అవే ప్రశ్నలు మీ సొంత రాతకు వేసుకుంటే అదే మీ మొదటి పత్రానికి చిత్తుప్రతి.

ఉపాధ్యాయులకు ఒక సూచన. వచ్చే విజ్ఞాన దినోత్సవానికి వ్యాసరచన పోటీ మానేయనక్కరలేదు, విషయం మార్చితే చాలు. రామన్, కృష్ణన్‌ల లేఖను తెలుగులోకి తెచ్చి పిల్లలందరికీ ఒక్కో ప్రతి ఇవ్వండి. అందులో తమకు గట్టిగా తోచిన ఒక వాక్యాన్ని, బలహీనంగా తోచిన ఒక వాక్యాన్ని ఎంచుకుని, కారణం రాయమనండి.